నూట ఇరవై పలకల తిమింగలం

"ఏవైనా రెండు ప్రాణుల్ని పోల్చి ఒక పేజీ రాయండి" అని మా పాపకు బళ్ళో పని ఇచ్చారు. అది ఆరో తరగతి. పులినీ పిల్లినీ రాసి ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. మార్కాపురం తాతను అడిగింది, గిద్దలూరు తాతనూ అడిగింది. ఒకాయన తిమింగలం అన్నాడు, ఇంకొకాయన సీతాకోకచిలుక అన్నాడు. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఆ ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టడం నేను చేసిన తప్పు.

మా నాన్న ముప్పై రెండేళ్ళు సైన్సు చెప్పి రిటైరైన పంతులు. మామ, అంటే మా అమ్మ తమ్ముడు, అడవి శాఖలో గార్డుగా నల్లమలలో తిరిగి తిరిగి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. మామ చేను గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు పోతే కొండ కింద ఉంటుంది. వేపచెట్టు కింద రెండు నులక మంచాలు. ఎదురుగా విత్తనానికి వదిలిన జనుము ఎండి, గాలికి కాయలు గలగలమంటోంది. నాన్న ఎప్పటిలాగే పాపకు ఒక రాతిపలక తెచ్చాడు. ఎన్ని నోటుబుక్కులున్నా ముందు పలక మీదే రాయాలంటాడు. తప్పుపోతే మోచేత్తో తుడిచేసుకోవచ్చట.

వాళ్ళ మాటలు నేను అక్కడే కూర్చుని రాసుకున్నాను. మామ తిట్లు రెండు మూడు తీసేశాను. యాస మాత్రం ముట్టుకోలేదు. మా వైపు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. జిల్లా మారింది గానీ మామ నోరు మారలేదు.

నాన్న: రాసుకో తల్లీ. నీలి తిమింగలం. ఇప్పుడు బతికున్న జంతువుల్లో దీన్ని మించింది లేదు. పొడవు నూరడుగుల దాకా, బరువు నూటయాభై టన్నుల దాకా.

మామ: నూరడుగులంటే పిల్లకేం తెలుస్తాది బావా? ఎంతంటే ఎంత?

నాన్న: దాని చేతిలో పలకుంది కదా. పొడుగు పది అంగుళాలు. అలాంటివి నూట ఇరవై, ఒకదాని కొసకు ఒకటి పెట్టుకుంటూ పోవాలి. ఈ మంచంకోడు దగ్గర మొదలుపెడితే నీ బోరు దాటిపోతుంది. బరువంటావా, ఒంగోలు గిత్త అరటన్ను అనుకో. మూడు వందల గిత్తల్ని ఒక్క కాటాలో వెయ్యి.

మామ: సరే, ఏసినా. దాన్ని నువ్వు చూసినావా?

నాన్న: చూళ్ళేదు.

మామ: మీ నాయన?

నాన్న: మా నాయన సముద్రాన్నే రెండుసార్లు చూశాడు.

మామ: అదీ మాట. ఒంగోలు పొయ్యి, ఆడినించి కొత్తపట్నం పోతే గానీ మనకు ఉప్పునీళ్ళు కనపడవు. ఆడైనా అలలే గానీ తిమింగలం యాడిది? పిల్ల పుట్టి బుద్ధెరిగినాక చూడని దాన్ని రాయమంటావు. ఇట్టా రామ్మా, ఆ జనుములో చూడు. నల్లటి రెక్కలు, వాటినిండా పలచటి నీలం మచ్చలు, చారలు. బ్లూ టైగర్ అంటారు. నీలిపులి. రెక్కలు చాపితే నాలుగంగుళాలకు ఒక పిసరు తక్కువ. రెండు వాల్తే నీ పలక నిండిపోతాది. అరగ్రాము తూగితే గొప్ప.

నాన్న: అంటే ఒక్క తిమింగలానికి సరితూగాలంటే ముప్పై కోట్ల చిలకలు కావాలి.

మామ: వాటిని కాటా ఎక్కమని ఎవరన్నారు?

నాన్న: తిమింగలం మన దగ్గరికి రానే రాదనకు. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, మేఘవరం ఒడ్డుకు ఒకటి కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని పత్రికలు రాశాయి. జనం ఎగబడి చూశారు.

మామ: నేనూ పేపర్లో చూసినా. చచ్చి వచ్చింది. ఎంత ఉన్నింది?

నాన్న: పాతికడుగులు.

మామ: పిల్ల పుట్టేటప్పుడు ఎంతుంటాదని చెప్పినావు పొద్దున?

నాన్న: ఇరవై మూడడుగులు, అటూ ఇటూగా.

మామ: అయితే అది పాలు మానని పిల్ల.

నాన్న కాసేపు పలకలేదు. నాకూ అంతవరకు ఆ లెక్క తట్టలేదు. ఆ ఫొటో చూసి అందరం "అబ్బ, ఎంత పెద్దదో" అనే అనుకున్నాం.

నాన్న: సముద్రం దూరమంటున్నావు కదా, ఈ పలక ఏంటో చెప్పు.

మామ: మార్కాపురం రాయి. పిల్లప్పుడు ఆ గనుల పక్క తిరిగిన వాణ్ణి, నాకు చెప్తావేంది?

నాన్న: రాయి కాకముందు?

మామ: రాయి కాకముందేముంటాది?

నాన్న: బురద. సముద్రం అడుగున పొరమీద పొరగా పేరుకున్న ఒండ్రు. కడప నుంచి మన కంభం, మార్కాపురం మీదుగా ఉత్తరానికి ఈ భూమంతా ఒకప్పుడు నీళ్ళ కింద ఉంది. వంద కోట్ల ఏళ్ళ పైమాట. ఆ బురద నలిగి, వేడెక్కి, గట్టిపడి పలకరాయి అయింది. అందుకే ఉలి పెట్టి కొడితే అప్పడంలా పొరలు పొరలుగా ఊడి వస్తుంది. దేశమంతా పిల్లలు అఆలు దిద్దింది సముద్రపు బురద మీద. నేను ముప్పై రెండేళ్ళు ఆ బురద మీదే తిమింగలం బొమ్మ వేశాను.

మామ: ఆ సముద్రంలో తిమింగలం ఉన్నిందా?

నాన్న: చేపే లేదు. కంటికి కనబడే ప్రాణే లేదనుకో. తిమింగలాలు పుట్టి అయిదు కోట్ల ఏళ్ళే.

మామ: మరి బొమ్మ ఎట్టా ఏసినావు? తలకాయ మీంచి నీళ్ళు చిమ్మతా ఏసినావు కదా. మా వాడు నీ దగ్గరే చదివె. వాడి నోటుబుక్కులో చూసినా, గుడి ముందర ఫౌంటెన్ ఉన్నట్టు.

నాన్న: అది నా తప్పే. చాలా ఏళ్ళు అలాగే వేశాను. అది నీళ్ళు కాదు, ఊపిరి. మనలాగే ఊపిరితిత్తులు దానికి. పైకొచ్చి వదిలిన వెచ్చటి గాలి ఆవిరై లేస్తుంది. చలికాలం పొద్దున ఎద్దు ముక్కులోంచి వస్తుందే, అలా. మొదటి రెండేళ్ళు దాన్ని చేపని కూడా చెప్పాను. పిల్లను కని పాలిచ్చేదాన్ని.

పాపకు ఈ మాట బాగా నచ్చింది. పలక మీద తిమింగలం గీసి, తల పైన చిన్న మేఘం పెట్టింది. తాత తప్పు దిద్దే అవకాశం మనవరాలికి మళ్ళీ మళ్ళీ దొరకదు.

నాన్న: పేరు చూడు, ఎంత దర్జాగా ఉందో. సంస్కృతంలో తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం. దాన్ని కూడా మింగేది తిమింగిలగిలం. పూర్వులు సముద్రాన్ని ఊహించుకున్న తీరది.

మామ: పొట్టు తినేదానికి మింగడమని పేరా? నువ్వే అంటివి, అది తినేది పురుగుల్లాంటి రొయ్యపొట్టని.

నాన్న: క్రిల్ అంటారు. వేలెడంత కూడా ఉండవు. రోజుకు టన్నులకు టన్నులు నీళ్ళతో సహా నోట్లోకి తీసుకుని, నీళ్ళను జల్లెడ పట్టి వదిలేస్తుంది. పెద్దదానికి కూడా గొంతు ఇరుకే. పోనీ, శాస్త్రం పేరు వింటే నువ్వు ఇంకా సంబరపడతావు. బలెనోప్టెరా మస్కులస్. అందులో మస్కులస్ అన్నది లిన్నేయస్ 1758లో పెట్టాడు. లాటిన్లో మస్కులస్ అంటే చిట్టెలుక అని కూడా అర్థం ఉంది. మనింట్లో తిరిగే ఎలుకకు ఆయనే పెట్టిన పేరు మస్ మస్కులస్.

మామ: నూట ఇరవై పలకల ఎలుక! రాసుకోమ్మా, ఇది రాసుకో.

నాన్న: నీ చిలక పేరు చెప్పు మరి.

మామ: నేను చదువుకున్నోణ్ణి కాదు గానీ ఇది మాత్రం తెలుసు. రేంజి ఆఫీసుకు ఒక సారు వచ్చి పుస్తకంలో చూపించినాడు. తిరుమల.

నాన్న: ఏంటీ?

మామ: తిరుమల లిమ్నియేసి. నేను పెట్టింది కాదు బావా, తెల్లదొరే పెట్టినాడు.

నాన్న: ఎవరు, ఫ్రెడరిక్ మూరా? 1880లో ఆ ప్రజాతి పేరు పెట్టింది ఆయనే. లండన్లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేశాడు. కానీ తిరుమల...

మామ: ఇంక మాట్లాడకు. నీది ఎలుక, నాది ఏడుకొండలు. దానికి తోడు సీతమ్మ కోక. కోక ఉంది, చిలక ఉంది, దీనికి మించి ఏం పేరు కావాల?

నిజానికి మామ ఇక్కడ గెలిచేశాడు. నాన్న మాత్రం పేరుతో గెలిస్తే గెలుపేంటని ఒప్పుకోలేదు. పేరులో నీలం ఉన్నా రెండిట్లో ఏదీ నిండు నీలం కాదని ఇంకో పది నిమిషాలు వాదించాడు. తిమింగలం నీళ్ళలో నీలంగా కనిపిస్తుంది, పైకొస్తే బూడిదరంగు. చిలక నల్లగా ఉండి మచ్చలే నీలం. దానికి మామ, అసలు నీలం కావాలంటే గిద్దలూరు నంద్యాల మధ్య అడవిలో చెట్టుతొర్రల్లో ఉండే సాలీడును చూడమన్నాడు. 1899లో గుత్తిలో దొరికి, మళ్ళీ 2001లో ఈ అడవిలోనే కనబడిన సాలీడు అది. ఒళ్ళంతా నెమలిమెడ నీలం. అది వేరే కథ.

మామ: పెద్దది పెద్దది అంటావు. పెరగడంలో ఎవరు పెద్ద? నీ పిల్ల పుట్టినప్పుడు ఎంత బరువు?

నాన్న: రెండు మూడు టన్నులు. రోజుకు తొంభై కిలోలు పెరుగుతుంది. తల్లిపాలు వెన్నలా చిక్కగా ఉంటాయి.

మామ: పెద్దయ్యేసరికి?

నాన్న: నూరు, నూటయాభై టన్నులు.

మామ: అంటే యాభై అరవై రెట్లు. మా పురుగు గుడ్డులోంచి వచ్చినప్పుడు గసగసాల గింజంత. గుడ్డు పెంకే దాని మొదటి తిండి. తెంచితే పాలు కారే తీగలుంటాయే, ఆ ఆకు తిని రెండు వారాల్లో చిటికెనవేలంత అవుతాది. ఎన్ని రెట్లో నువ్వే చెప్పు, పంతులువి.

నాన్న: దీని చుట్టం అమెరికాలో ఉంది, మొనార్క్ అని. దాని పురుగు రెండు వారాల్లో రెండు వేల రెట్లు బరువెక్కుతుందని లెక్క. నీది కూడా అదే దారిలో ఉండొచ్చు.

మామ: నీ పిల్ల అట్టా పెరిగితే?

నాన్న: రెండు టన్నులకు రెండు వేల రెట్లు... నాలుగు వేల టన్నులు.

మామ: కంభం చెరువు కూడా చాలదు దానికి.

నాన్న: అలా అయితే ఒక మాట విను. తిమింగలం పూర్వుల దగ్గరి చుట్టం ఎంతుండేదో తెలుసా? పిల్లంత.

మామ: ఏ పిల్ల?

నాన్న: పిల్లి. మ్యావ్ మ్యావ్ పిల్లి. జమ్మూ దగ్గర కాలాకోట్ అనే చోట ఎ. రంగారావు అనే భూగర్భశాస్త్రవేత్త రాళ్ళు ఏరాడు. పేరు చూస్తే మనవాడే అనిపిస్తుంది నాకు. ఆ రాళ్ళలో దొరికిన ఎముకలకు 1971లో ఇండోహ్యూస్ అని పేరు పెట్టాడు. చాలా రాళ్ళు పగలగొట్టకుండానే ఆయన పోయాడు. ఆయన భార్య వాటిని పారెయ్యకుండా దాచింది. తర్వాత థెవిసన్ అనే ఆయనకు ఇచ్చింది. ప్రయోగశాలలో రాయి శుభ్రం చేస్తుంటే చెయ్యిజారి పుర్రెలో చెవి ఎముక విరిగింది. విరిగిన చోట చూస్తే ఒక పక్క మందంగా ఉంది. అలాంటి చెవి ఎముక ఉండేది తిమింగలాల జాతికే. నాలుగు కాళ్ళు, గిట్టలు, చిన్న జింకలాగా ఉండే ప్రాణి. నాలుగు కోట్ల ఎనభై లక్షల ఏళ్ళ కిందట భయమేస్తే నీళ్ళలోకి దూకి దాక్కునేది. 2007లో ఈ సంగతి లోకానికి చెప్పారు. నీ పురుగు రెండు వారాల్లో చేసింది, నా పిల్లి చుట్టాలు అయిదు కోట్ల ఏళ్ళలో చేశాయి.

మామ: చెయ్యిజారి విరిగితే తెలిసిందా?

నాన్న: విరగకపోతే ఇంకెన్నాళ్ళకో.

ఈ మధ్యలో టీ వచ్చింది. గుండె మాట కూడా వచ్చింది గానీ ఎక్కువసేపు సాగలేదు. తిమింగలం గుండె నూట ఎనభై కిలోలని, లోతుకు మునిగినప్పుడు నిమిషానికి రెండుసార్లే కొట్టుకుంటుందని 2019లో కొలిచారని నాన్న చెప్పాడు. మామ చిలక గుండె వీపు పొడుగునా ఒక గొట్టమని, రక్తనాళాలే లేవని నాన్నే చెప్పాల్సి వచ్చింది. "నా పక్షం కూడా నువ్వే వాదిస్తే నేనెందుకు" అని మామ టీ గ్లాసు కింద పెట్టాడు.

మామ: అది సరే, నీ దానికి శత్రువులెవరు?

నాన్న: పిల్లలకు కిల్లర్ తిమింగలాల భయం. పెద్దదానికి దాని ఒళ్ళే కోట.

మామ: దీనికి చేదే కోట. పురుగప్పుడు తిన్న ఆకుల్లో విషం ఒంట్లో దాచుకుంటాది. పిట్ట ఒకసారి కొరికి ఉమ్మేస్తే మళ్ళీ దాని జోలికి రాదు. అందుకే చూడు, ఎగరడంలో తొందరే లేదు. మిగతా చిలకలు బెదురుతా ఎగిరిపోతాయి, ఇది పెళ్ళికి పొయ్యే ముత్తయిదువ మాదిరి తేలతా పోతాది. ఇంకో సంగతి. ఆ ఎండిన జనుము మీద ఏం చేస్తన్నాయో దగ్గరికి పొయ్యి చూడమ్మా. తేనె తాగడం లేదు.

మేం లేచి వెళ్ళాం. పువ్వులెప్పుడో రాలిపోయాయి. ఎండి గోధుమరంగుకు తిరిగిన కాండాల మీద, ముడుచుకున్న ఆకుల మీద చిలకలు గుంపుగా వాలి ఉన్నాయి. ఒక్కోటీ కాళ్ళతో ఆ ఎండుటాకును గీరుతోంది. గీరిన చోట చుట్టలా ఉన్న తొండం చాపి తడుముతోంది. పాప వేలు పెట్టినంత దగ్గరికి పోయినా లేవలేదు. రెక్కలు మూసుకున్నప్పుడు వెనక రెక్క అడుగున చిన్న సంచీలాంటి ఉబ్బు కనబడింది.

మామ: ఆ సంచీ ఉన్నవన్నీ మగవి. జనుములో, గిలిగిచ్చలో ఒక మందు ఉంటాది. దాన్ని పీల్చి అత్తరు చేసుకుంటాయి, ఆడదాని కోసం. తిరణాలకు పొయ్యే కుర్రోళ్ళ మాదిరి.

నాన్న: ఇది నాకు తెలియదురా.

మామ: ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పినావు, జనుము మీద వాలిన చిలకను చూళ్ళేదు.

నాన్న: చూశాను. ఏం చేస్తోందని అడగలేదు. నువ్వు మాత్రం? అడవిలో చిలకలు ఎన్ని ఉండేవి, ఇప్పుడెన్ని ఉన్నాయి?

మామ: అప్పట్లో దిగువమెట్ట వాగుల్లో ఎండాకాలం నీడ పట్టున చెట్టుకొమ్మలు కనబడకుండా వేలాడేవి. కొమ్మ కదిపితే నల్లటి మబ్బు లేచినట్టు లేచేవి. వానగాలులు మారేటప్పుడు ఈ కొండలకూ పడమటి కనుమలకూ మధ్య గుంపులు గుంపులుగా పోతాయి. ఇప్పుడు తగ్గినాయి.

నాన్న: ఎంత తగ్గాయి?

మామ: చానా.

నాన్న: చానా అంటే? పదికి ఎన్ని? నూటికి ఎన్ని?

మామ: ఎవరు లెక్కపెట్టినారు?

నాన్న: అదే నేను అడిగేది. నా తిమింగలాల చావుకు లెక్కుంది. నార్వేలో సాండెఫ్యోర్డ్ అనే ఊళ్ళో వేట లెక్కలకే ఒక కార్యాలయం నడిచేది. 1930–31లో ఒక్క వేటకాలంలోనే దక్షిణ సముద్రాల్లో 29 వేలకు పైగా నీలి తిమింగలాల్ని చంపారు. సబ్బులకు, వనస్పతికి. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడ మూడు లక్షలకు పైనే పోయాయి. ఆ లెక్కలు ముందర పెట్టుకునే 1966లో దాన్ని చంపకూడదని నిషేధం పెట్టారు. ఇప్పుడు లోకం మొత్తం మీద పది వేల నుంచి పాతిక వేల దాకా ఉండొచ్చని అంచనా.

మామ: లెక్కపెట్టి లెక్కపెట్టి చంపినారు. గొప్ప లెక్క. అంతా నిజమే రాసినారా?

నాన్న: లేదు. సోవియట్ ఓడలు దొంగలెక్కలు ఇచ్చాయి. నిషేధం తర్వాతా చంపాయి. మన అరేబియా సముద్రంలో కూడా. ఆ సంగతి 1990లలో బయటపడింది. ఎలా బయటపడింది? ఓడ మీద ఉన్న శాస్త్రవేత్తలు అసలు లెక్క దొంగతనంగా దాచిపెట్టుకున్నారు కాబట్టి. దొంగలెక్కను పట్టించింది అసలు లెక్కే. నీ వాగులో చిలకలకు దొంగలెక్క కూడా లేదు.

మామ మంచం మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు.

మామ: నా దగ్గర డైరీలున్నాయి బావా. పులి అడుగు యాడ పడింది, ఎంత వెడల్పు, ఏ దిక్కుకు పొయ్యింది, అంతా రాసినా. ఎలుగు, రేచుకుక్క, చుక్కలదుప్పి. అగ్గి పడితే ఎన్ని ఎకరాలు. ఆ అగ్గిలో పాలతీగ ఎంత పొయ్యింది, ఆ తీగ మీద పురుగులెన్ని పొయినాయి, ఒక్క ముక్క లేదు. రోజూ కనబడేదాన్ని ఎవడు రాస్తాడు?

నాన్న: అందుకే నేను తిమింగలం అన్నాను. ఎప్పుడూ కనబడదు కాబట్టి పిల్ల కొలత వేసుకుని చూస్తుంది. పలకలు పేరుస్తుంది. చిలకను చూడగానే తెలిసినట్టే అనుకుంటుంది.

మామ: అట్టా అనుకోకుండా చూసే పని ఇప్పుడు చెయ్యనీ. నీ తిమింగలాన్ని ఈ చేలోకి దింపలేవు, లెక్కపెట్టలేవు. ఇవి ఉన్నాయి. ఎన్నో చెప్పమను.

పాప పలక మీది తిమింగలాన్ని మోచేత్తో తుడిచింది. మేఘం మాత్రం మూలకు మిగిలింది. జనుము గట్టున నిలబడి ఒక్కో చిలకకు ఒక్కో గీత గీసింది. అయిదో గీత అడ్డంగా కొట్టింది, నాన్న నేర్పినట్టు.

నాన్న: వాలినవే లెక్కపెట్టు తల్లీ. ఎగిరేవి వద్దు.

మామ: ఎగిరేవీ ఉన్నాయి కదా?

నాన్న: ఎగిరింది మళ్ళీ వాల్తే రెండుసార్లు లెక్కకొస్తుంది. సముద్రంలో అయితే తోక ఫొటో, వీపు మచ్చలు చూసి ఏది ఏదో గుర్తుపడతారు.

మామ: వీటికీ మచ్చలున్నాయి.

నాన్న: నువ్వు గుర్తుపట్టు చూద్దాం.

ఒక చిలక లేచి మామ తలపాగా మీద వాలింది. దాన్ని లెక్కలో వెయ్యాలా వద్దా అని కొంతసేపు నడిచింది. పాప వెయ్యకుండా ఆగింది. అది మళ్ళీ జనుములోకి వెళ్ళాక గీత గీసింది. అప్పటికే దాన్ని లెక్కపెట్టేసిందేమో అని నాన్నకు అనుమానం. ఎండ ఎక్కేకొద్దీ అవి కదలడం ఎక్కువైంది. చివరికి పలక మీద ఏడు కట్టలు, పక్కన రెండు గీతలు.

నాన్న: ముప్పై ఏడు.

మామ: ముప్పై ఆరు. ఆ కొసన ఉన్నది చిలక కాదు, ఎండుటాకు.

నాన్న: రెక్క కదిలింది, నేను చూశాను.

మామ: గాలికి కదిలింది.

పాప బలపం పట్టుకుని ఇద్దరి వంకా చూసింది. మామ చెప్పులు గట్టున విడిచి, పంచె ఎగ్గట్టి, జనుము విరక్కుండా పక్కకు తీసుకుంటూ లోపలికి దిగాడు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని గట్టు మీంచే చూస్తున్నాడు.